ఎవరింటి పోపు

పారమట్టా,
4 ఫిబ్రవరి 2024

ఒరేయ్ మురళీ,

ముందు ఒక మాట. ఇక నాకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పంపకు. మీ రామానుజం మామయ్యకు చెవులు సరిగ్గా వినపడక ఫోను స్పీకర్లో పెట్టి వింటారు. మొన్న నువ్వు సూపర్‌మార్కెట్లో సెక్యూరిటీవాడు నా వెనకే తిరుగుతున్నాడత్తయ్యా అని ఏడుస్తుంటే, మా ఇంటికొచ్చిన ముగ్గురు పెద్దమనుషులు టీ కప్పులు పట్టుకుని శ్రద్ధగా విన్నారు. సాయంత్రానికల్లా చెక్ దేశంలో రత్నకుమారి మేనల్లుడిని దొంగతనం కేసులో పట్టుకున్నారని హారిస్ పార్క్ మిఠాయి కొట్టు దాకా పాకింది. అందుకని ఇకమీదట ఈమెయిల్లో ఉత్తరాలు రాసుకుందాం. మామయ్యకు నా పాస్‌వర్డ్ తెలియదు.

ఇప్పుడు నీ జబ్బుకు మందు చెప్తాను, రిటైరైనా డాక్టర్నే కదా. మీ బ్రనో ఊళ్లో మన రంగువాళ్లు కనపడితే రోమావాళ్లు, అదే జిప్సీలు, అనుకుంటారని నువ్వే చెప్పావు. వాళ్లను దొంగల్ని చూసినట్టు చూస్తారు కాబట్టి నిన్నూ చూశారు. నువ్వు వాళ్లలో ఒకడివి కాదని దూరం నుంచే తెలియాలి, అంతే. ఆఫీసు ఐడీ కార్డు మెళ్లో వేసుకుని వెళ్లు. ఆదివారమైనా సరే. 1986లో నేను ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరుగా చేరినప్పుడు మొదటి మూడు రోజుల్లో నలుగురు పేషెంట్లు నన్ను చూసి బెడ్‌పాన్ తియ్యమన్నారు. నాలుగో రోజు నుంచి మెళ్లో స్టెతస్కోప్ తియ్యలేదు. కూరగాయలకు కూడా దాంతోనే వెళ్లేదాన్ని.

ఇక్కడి విశేషమేమిటంటే మా అపార్ట్‌మెంటు ఓనర్ల కమిటీకి నేను సెక్రటరీనయ్యాను. దాన్నిక్కడ స్ట్రాటా అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చేసేదంతా చెత్తడబ్బాల పంచాయితీ. మా ఏడో అంతస్తులోనే 704లోకి ఐదుగురు ఆడపిల్లలు దిగారు. మన తెలుగు పిల్లలే, ఒకతె కడప, ఒకతె కరీంనగర్, మిగతావాళ్లు మధ్యలో ఎక్కడో. పగలు యూనివర్సిటీ, సాయంత్రాలు ముసలివాళ్ల హోముల్లో పని. తలుపు బయట పన్నెండు జతల చెప్పులు. నేను తెలుగులో పలకరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు ఆంటీ అంటారు, తర్వాత కరివేపాకు అడుగుతారు, చివరికి అద్దె ఇంటికి పూచీకత్తు అడుగుతారు. అందుకని లిఫ్టులో తెలుగు రానిదానిలా నిలబడుతున్నాను. శ్రీలంక ఆవిడననుకుంటున్నారు. నేనూ కాదనలేదు.

లీలనూ పాపనూ అడిగానని చెప్పు. కార్డు మర్చిపోకు.

మీ అత్తయ్య,
రత్నకుమారి


బ్రనో,
18 ఫిబ్రవరి 2024

అత్తయ్యా,

నీ మందు బ్రహ్మాండంగా పనిచేసింది. నిన్న కార్డు వేసుకుని పాలకు వెళ్లాను. సెక్యూరిటీవాడు నన్ను చూసి తలూపి పక్కకు తప్పుకున్నాడు. కాసేపాగి చూస్తే ఇంకెవరి వెనకో నడుస్తున్నాడు. తాతయ్య పొలానికి వెళ్తూ కూడా చొక్కా జేబులో పెన్ను పెట్టుకునేవాడని, చదువుకున్నాయనని జనం దారిచ్చేవారని నాన్న చెప్పేవాడు. అది మన వంశాచారం కాబోలు. నాది కార్డు వేలాడే నీలం తాడు.

మా బిల్డింగు సంగతులు చెప్తాను. ఇక్కడివాళ్లలో నీకు నచ్చేవి చాలా ఉన్నాయి. చెప్పులతో ఇంట్లోకి రారు. వచ్చినవాళ్లకు గుమ్మం దగ్గరే ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులిస్తారు. మెట్ల మీద ఎవరెదురైనా 'దోబ్రీ దెన్' అనాలి, అంటే నమస్కారమన్నమాట. దాని తర్వాత ఇంకో ముక్క మాట్లాడామా, మనకేదో జబ్బుందని చూస్తారు. వీధి తలుపు దగ్గర కాలింగ్‌బెల్లుల పక్కన పేరుతో పాటు చదువు కూడా రాసుకుంటారు, మనవాళ్లు శుభలేఖల మీద వేయించుకున్నట్టే. నా ఎంటెక్ కూడా ఎక్కించాను. ఆ మర్నాటి నుంచి మా కమిటీ ఛైర్మన్ దోలెజల్ గారు నన్ను 'ఇంజినీరు గారూ' అని పిలుస్తున్నారు. పది నెలలుగా ఆయనకు నేను కనపడలేదు. పాపం, ఇప్పుడే చూపొచ్చింది.

చిక్కంతా లీలతోనే. తనకు ఆఫీసూ లేదు, కార్డూ లేదు. చంకలో పాపతో బస్సెక్కితే పక్కావిడ హ్యాండ్‌బ్యాగు అటువైపుకి మార్చుకుంటుంది. అలా తిరిగి తిరిగి, మా కింద అంతస్తులో ఉండే మార్గితతో స్నేహం కట్టింది. ఆవిడ రోమా మనిషి. ఆస్పత్రిలో గదులు తుడుస్తుంది, భర్త రోడ్డు పనులకు వెళ్తాడు, ముగ్గురు పిల్లలు. వీళ్ల పూర్వులు ఎప్పుడో వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచే బయల్దేరారట. వెయ్యేళ్లైనా బెల్లు పక్కన రాసుకోవడానికి వాళ్లకేమీ దొరకలేదు. మా ఆఫీసు క్లాసులో నేను నేర్చిన దానికన్నా లీల ఆవిడ దగ్గర నేర్చిన చెక్ భాషే బాగుంది.

మొన్న ఇద్దరూ ఎండపొడ తగిలిందని పాపను పెట్టుకుని వాకిట్లో బెంచీ మీద కూర్చున్నారు. దోలెజల్ గారు అటే వస్తున్నారు. నేను వెనక గేటు నుంచి లోపలికి వెళ్లిపోయాను. లీల చూసింది. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ, "నీకు మెళ్లో కార్డుంది, నాకు మార్గిత ఉంది," అంది. అంతటితో వదిలేసింది.

ఏం చెయ్యాలో చెప్పు.

మురళి


పారమట్టా,
10 మార్చి 2024

మురళీ,

లీలను మందలించకు. బాలింత మనసు, ఒంటరిగా ఉంది. అయితే ఆ స్నేహాన్ని మెల్లగా పలచన చెయ్యి. ఆవిడ చెడ్డదని నేననట్లేదు. ఆవిడ పక్కన కూర్చుంటే నువ్వు కనపడవంటున్నాను. మేమొచ్చిన కొత్తలో ఇక్కడ తెలుగువాళ్లం పట్టుమని పది కుటుంబాలు లేము. ఎవరు మంచివాళ్లో మాకనవసరం, ఎవరి పక్కన నిలబడితే ఉద్యోగం వస్తుందో అదే చూసుకున్నాం. సిగ్గుపడాల్సిన పనేం లేదు. పిల్లలు చదువుకున్నారు, ఇల్లు కొనుక్కున్నాం.

నా లంక వేషం బట్టబయలైంది. పోయిన మంగళవారం 704 పిల్లలు ఇండియా పార్సిల్‌తో లిఫ్టెక్కారు. అందులో ఆవకాయ జాడీ మూత వదులై నూనె కారుతోంది, అదీ నా తెల్ల చెప్పుల మీదికి. నా నోట్లోంచి, "అయ్యో, నూనె కారిపోతోందే, జాడీ ఇటు వంచవే," అని వచ్చేసింది. ఐదుగురూ రాళ్లైపోయారు. ఎందుకవరు. ఆరు వారాలుగా నా ఎదురుగానే నా జుట్టు రంగు గురించీ, నడక గురించీ, మామయ్య లుంగీ గురించీ తనివితీరా చెప్పుకున్నారు. వాటికి నేను నవ్వుకున్నాను కూడా. ప్రియ అని కరీంనగర్ పిల్ల ఒకరోజు నన్నే చూస్తూ, "ఈ ముసలామె మా నానమ్మ లెక్కనే ఉన్నది గానీ, నానమ్మైతే మాట్లాడ్తది," అంది. అది మాత్రం మామయ్యకు చెప్పలేదు.

ఇప్పుడు నేను లిఫ్టులో ఉంటే వాళ్లు ఎక్కరు. ఫోన్లు చూసుకుంటూ బయటే నిలబడతారు. పీడ విరగడైంది. కాకపోతే ఏడంతస్తులు ఒక్కదాన్నే దిగడం కాస్త విసుగ్గా ఉంది.

అత్తయ్య


బ్రనో,
7 ఏప్రిల్ 2024

అత్తయ్యా,

నీ సలహా వెంటనే కావాలి.

దోలెజల్ గారు మా ఇంటికొచ్చారు. గుమ్మం దగ్గర మెత్తటి చెప్పులు తొడుక్కుని, సోఫాలో కూర్చుని, లీల చేసిచ్చిన అల్లం టీ మెచ్చుకున్నారు. లీల పాపను నిద్రపుచ్చడానికి లోపలికెళ్లగానే ఒక కాగితం తీశారు. మార్గిత వాళ్లింటి ఓనరుకు రాసిన ఫిర్యాదు. మే నెలాఖరుతో వాళ్ల అద్దె ఒప్పందం అయిపోతుంది, మళ్లీ రాయొద్దని బిల్డింగువాళ్లందరి కోరిక. ఇంజినీరు గారి సంతకం ఉంటే దానికి బరువొస్తుందన్నారు. ఇంగ్లీషులో చదివి వినిపించారు కూడా.

ఫిర్యాదులు మూడు. మెట్ల కింద పసిపిల్లల బండి పెట్టి దారికి అడ్డం చేస్తున్నారు. పొద్దునా సాయంత్రం మెట్ల నిండా ముక్కు పగిలే వాసన. తెల్లారి ఆరింటికల్లా ఇల్లెగిరిపోయేలా కేకలు.

అత్తయ్యా, మార్గిత పిల్లలు బడికి నడిచి వెళ్తారు. ఆ బండి మా పాపది. బళ్లు పెట్టుకునే గది ఒకటుంది గానీ, దాని తాళంచెవి మాకెవరూ ఇవ్వలేదు. వాసన లీల పోపుది. ఇంగువ అనకాపల్లి నుంచి మా అత్తగారు కట్టలు కట్టి పంపిస్తారు. కేకలూ లీలవే, వాళ్లమ్మతో ఫోన్లో. వాళ్లూళ్లో సిగ్నల్ అందదని, గట్టిగా అరిస్తే అందుతుందని దాని నమ్మకం. మూడూ మావే.

సంతకం పెట్టకపోతే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెప్తే ఆగస్టులో మా ఒప్పందానికీ ఇదే గతి. చంటిపిల్లతో ఈ ఊళ్లో మళ్లీ ఇల్లు వెతకాలి. కిందటిసారి పదకొండు మంది ఫోన్లో సరేనని, నా మొహం చూశాక లేదన్నారు. లీలకు ఇంకా ఏమీ చెప్పలేదు.

మురళి


పారమట్టా,
9 ఏప్రిల్ 2024

మురళీ,

సంతకం పెట్టు. పక్కనుంచి పోయే బండరాయిని పిలిచి నెత్తిన పెట్టుకుంటారా ఎవరైనా. నీకు చంటిపిల్ల ఉంది. ఆవిడకు ఇలాంటివి కొత్త కాదు, ఇంకోచోట చూసుకుంటుంది. పడ్డవాళ్లెప్పుడూ చెడ్డవాళ్లు కారంటారు.

లీలకు చెప్పకు. నాకూ ఇక్కడ ఇదే గోల. ఏడో అంతస్తులో కంపు కొడుతోందని ఆరో అంతస్తువాళ్లు ఫిర్యాదు పెట్టారు. 704కి నోటీసు తయారుచేసే పనిలో ఉన్నాను.

అత్తయ్య


బ్రనో,
12 మే 2024

అత్తయ్యా,

నెల రోజులుగా జవాబు రాయనందుకు కోపగించుకోకు. రాయడానికి మొహం చెల్లలేదు.

నీ ఉత్తరం రాకముందే సంతకం పెట్టేశాను. అసలు నీకు రాయకముందే పెట్టేశాను. దోలెజల్ గారు పెన్ను కూడా తెచ్చుకున్నారు, టీ చల్లారేలోగా పనైపోయింది. ఆయన వెళ్లాక కూర్చుని, ఏం చెయ్యమంటావని నీకు రాశాను. నువ్వు పెట్టమంటావని తెలుసు. రేపు ఎప్పుడైనా బయటపడితే, అత్తయ్య చెప్పింది కాబట్టి పెట్టానని లీలతో అనొచ్చనుకున్నాను. ఇంత పిరికితనం నాలో ఉందని నాకే తెలియదు.

బయటపడటానికి ఎంతో కాలం పట్టలేదు. ఆ కాగితం నకలు సంతకాలతో సహా వీధి తలుపు పక్కన అంటించారు. ఇక్కడ ఏదైనా పద్ధతి ప్రకారం చేస్తారు. లీల దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఐదో సంతకం నాది, పక్కన ఎంటెక్‌తో సహా. ఆ గురువారం కమిటీ మీటింగుందని కూడా అందులోనే ఉంది.

మీటింగు బట్టలారేసుకునే గదిలో. పద్నాలుగు మంది మడతకుర్చీల్లో కూర్చున్నారు. నేను వెనక వరసలో ఉన్నాను. లీల ఒక చంకలో పాపతో, ఇంకో చేత్తో కరెంటు పొయ్యి పట్టుకుని వచ్చింది. పాపను నా ఒళ్లో పడేసింది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి పొయ్యి పెట్టింది. చిన్న మూకుడులో నూనె, ఆవాలు, నాలుగు ఎండుమిర్చి, ఆ పైన మామూలుగా వేసేదానికి మూడింతలు ఇంగువ. కిటికీలు మూసి ఉన్నాయి. ముందు వరస దగ్గింది, తర్వాత వెనక వరస. ఒక పెద్దాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అందరి దగ్గులూ అయ్యేదాకా ఆగి లీల చెక్‌లో చెప్పింది, నెమ్మదిగా, బడిపిల్ల పాఠం చెప్పినట్టు. ఈ వాసన మాది. బండి మాది. కేకలు నావి. మార్గితవి ఒక్కటీ కావు.

నేను లేచి అవునని అనాలి. పాప ఏడుస్తోందని ఊపుతూ కూర్చున్నాను.

తర్వాత జరిగింది నువ్వు నమ్మవు. మూడో అంతస్తు ముసలావిడ అందులో ఏమేం వేశారు, రాసిస్తారా అని అడిగింది. ఇంకొకాయన ఇండియా వెళ్లొచ్చాడట, గోవా గురించి చెప్పాడు. దోలెజల్ గారు నవ్వుతూ, "ఇది వంట వాసనండీ. మేం రాసింది దీని గురించి కాదు," అన్నారు. బండి మీదని తెలియక పొరపాటైందని, జేబులోంచి ఆ గది తాళంచెవి తీసి అక్కడికక్కడే లీల చేతికివ్వబోయారు. ఫిర్యాదు మాత్రం అలాగే వెళ్లింది. మార్గిత ఒప్పందం మళ్లీ రాయలేదు.

లీల తాళంచెవి తీసుకోలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. వేళకు అన్నం పెడుతోంది. పప్పు ఉడికించి ఉప్పేసి పెడుతోంది, పోపు లేదు.

మురళి


బ్రనో,
2 జూన్ 2024

అత్తయ్యా,

మార్గిత వాళ్లు నిన్న ఖాళీ చేశారు. ఊరి చివర ఒక గదిలోకి వెళ్లారు, ఐదుగురికీ అదే. నేను వెళ్లి పెట్టెలు మోశాను. ఆవిడ మొగుడు వద్దనలేదు, థాంక్స్ అనీ అనలేదు.

చివరి పెట్టె ఎక్కించాక వచ్చిన చెక్ ముక్కలతో క్షమించమన్నాను. వాసన మాదని నాకు మొదటి నుంచీ తెలుసన్నాను. ఆవిడ లీల వైపు తిరిగి ఏదో అంది. లీల నాకు దాన్ని తెలుగులో చెప్పింది. మూడు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాటలు ఇవే.

"తనకూ తెలుసట. పాప పుట్టిన కొత్తలోనే దోలెజల్ ఆ వాసన ఎవరిదని ఇంటింటికీ తిరిగి అడిగాడట. తమ ఇంటిదేనని ఈవిడే చెప్పిందట. ఎలాగూ మా మీదే వేస్తారు, ఇంకొకటి మోస్తే ఏం బరువు, వాళ్లు కొత్తవాళ్లు, పచ్చి బాలింత అనుకున్నారట."

ఏడు నెలలు, అత్తయ్యా. ఏడు నెలలుగా ఆవిడ మా పోపు తన పేరు మీద రాయించుకుని, మెట్ల మీద నేనెదురైతే దోబ్రీ దెన్ అంటోంది. నాకు ఏడుపాగలేదు. వాకిట్లో, అందరి కిటికీల ముందూ ఏడ్చాను.

ఆ తర్వాత కార్డు తీసేశానని రాస్తే నీకు బాగుంటుంది. ఈ పొద్దున పాలకు వెళ్తూ చూసుకుంటే అది మెళ్లోనే ఉంది.

మురళి


పారమట్టా,
16 జూన్ 2024

మురళీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మామయ్య జ్వరమనుకుని పెరుగన్నం కలిపిచ్చారు.

సంతకం పెట్టమని నేనే అన్నాను. నువ్వు ముందే పెట్టావన్నది నిజమే గానీ, పెట్టకపోయి ఉంటే నా మాట మీద పెట్టేవాడివి. ఆ సగం నాది. లీలకు చెప్పు.

ఇంకొకటి కూడా నాదే. ఏడో అంతస్తు కంపు గురించి రాశాను కదా. ఆ ఫిర్యాదులో తేదీ ఉంది, మార్చి 30, శనివారం. ఆ రోజు నేను ఎండురొయ్యలు వేయించాను. ఫిర్యాదు చదవగానే నాకు తెలుసు. ఏ ఇల్లని రాయమంటారని నేను అడగనూ లేదు, ఎవరూ చెప్పనూ లేదు. నా వేళ్లే 704 అని టైపు చేశాయి. ఇంకో నోటీసు పడితే ఆ పిల్లల్ని అద్దె ఏజెంటు ఖాళీ చేయిస్తాడని కూడా తెలుసు.

మొన్న బుధవారం, ఆ నోటీసు చర్చకొచ్చిన మీటింగులో లేచి, ఆ వాసన మా 701ది, రొయ్యలు నావి అని చెప్పాను. ఛైర్మన్ గ్రెగ్ పెద్దగా నవ్వి, "డాక్టర్ రత్నా, యు ఆర్ టూ కైండ్," అన్నాడు. అందరూ నవ్వారు. పాపం పిల్లల్ని కాపాడుతోందనుకున్నారు. అక్కడి నుంచి నేరుగా 704కి వెళ్లి తలుపు కొట్టాను. ప్రియ తీసింది. జరిగిందంతా తెలుగులో చెప్పాను. గడప అవతల నుంచే విని, ఇంగ్లీషులో థాంక్యూ డాక్టర్ అని తలుపేసుకుంది. వేసుకోదూ మరి.

సరే, మినిట్స్ రాసేది నేనే కదా అని ఇంటికొచ్చి 701 అని రాసి అందరికీ పంపాను. పొద్దున్నే గ్రెగ్ జవాబు. ఇంటి నంబరు పొరపాటున పడ్డట్టుంది, నేను సరిచేశాను, మీరు శ్రమపడకండి అని. చూస్తే 704 అని ఉంది.

నోటీసు మీద సెక్రటరీ సంతకం కావాలన్నారు. పెట్టనని రాజీనామా ఇచ్చాను. కొత్త సెక్రటరీ రెండో అంతస్తు విజయభాస్కర్ గారు, మనవాడే. సాయంత్రానికి సంతకం పెట్టేశాడు. పైగా దారిలో కనపడి, వయసు మీద పడుతోందండీ, రెస్టు తీసుకోండి అని నాకు సలహా ఇచ్చాడు.

ఈ మర్యాద సంపాదించడానికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది మురళీ. ఇప్పుడు తప్పు నాదేనని నా నోటితో నేను చెప్పినా నమ్మేవాడు లేడు.

మీ అత్తయ్య,
రత్నకుమారి